గేటు ముందు ఎర్రనీళ్ళు

ఆ గురువారం పొద్దున కిరణ్మయి వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడో తరగతి బి సెక్షన్ పిల్లల చేత స్కూలు ఆవరణలోని గోడ మీద పొద్దుతిరుగుడు పూల తోట వేయించాలి. రంగులు కొట్లో కొనకూడదు, వంటింట్లోంచే రావాలి. పూలకి పసుపు, ఆకులకి పాలకూర రసం, మట్టికి కాఫీ డికాక్షన్. మధ్యాహ్నం స్కూలు విడిచే వేళకి చైర్మన్ సింఘల్‌గారు వచ్చి గోడ చూస్తారు, బాగుందంటారు. ఇందులో ఆ చివరి ముక్క ఒక్కటే ఆమె చేతిలో లేదు.

కిరణ్మయి ఘాజియాబాద్ వసుంధరలో ఒక చిన్న ప్రైవేటు ప్రైమరీ స్కూల్లో డ్రాయింగ్ టీచరు. రాజమండ్రిలో పుట్టి పెరిగి, భర్త ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చింది. ఒక్కో తరగతికి వారానికి ఒకే ఒక్క డ్రాయింగ్ పీరియడ్. ఏప్రిల్ నుంచి ఆ ఒక్కటీ తీసేసి అబాకస్ పెట్టాలని చైర్మన్‌గారి ఆలోచన. అబాకస్‌లో చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. పిల్లవాడు కళ్ళు మూసుకుని గాలిలో వేళ్ళాడించి కూడిక చెప్పేస్తే తల్లిదండ్రులు నోరు తెరుస్తారు. డ్రాయింగ్‌లో ఏముంది చూపించడానికి?

ఆ పీరియడ్ పోయినా ఆమె ఉద్యోగం పోదు, లైబ్రరీ చూసుకోమంటారు. ఆమె బాధ అది కాదు. వారం మొత్తంలో ఆ పిల్లలకి ఎవరూ "తప్పు" అని చెప్పని పీరియడ్ అదొక్కటే. ఏనుగుకి నీలం రంగు వేసినా ఎవరూ ఎర్రసిరాతో కొట్టేయరు. అది పోతుందంటే కిరణ్మయికి నిజంగా దుఃఖం వచ్చింది. ప్రిన్సిపాల్ మాథుర్ మేడం మంచి మనిషే. "కిరణ్, నేను నీ పక్షమే. కానీ ఆయనకి కంటికి కనబడేది ఏదైనా చూపించాలి. ఒక్క గోడ వేయించు చాలు" అని సలహా ఇచ్చింది. అదీ ఈ గోడ వెనక కథ.

పసుపు దగ్గర మాత్రం పొద్దున్నే చిన్న చర్చ జరిగింది. అత్తగారు అన్నపూర్ణేశ్వరి పసుపు డబ్బా గుండెలకి హత్తుకుని నిలబడింది.

"గోడలకి పూయడానికా? ఇది దుగ్గిరాల నించి కొమ్ములు తెప్పించి దగ్గరుండి ఆడించింది అమ్మాయ్! కొట్లో పసుపు లేదూ?"

"కొట్లోదాంట్లో ఏవేవో కలుపుతారత్తయ్యా. అచ్చమైన రంగులని స్కూల్లో చెప్పాను."

అచ్చమైన అన్న మాటకి ఆవిడ కరిగింది. డబ్బా చేతిలో పెడుతూ, "సరే గానీ, కలిపేటప్పుడు చిక్కగా కలుపు. పల్చగా కలిపి నా పసుపు పరువు తీయకు" అంది.

స్కూలుకి వెళ్ళేసరికి మాథుర్ మేడం గోడ దగ్గరే నవ్వుతూ ఎదురుచూస్తోంది.

"సర్‌ప్రైజ్!" అంది. "నిన్న సాయంత్రం మనిషిని పిలిపించి రెండు పూతలు సున్నం వేయించాను. ఎంత తెల్లగా ఉందో చూడు. నీ రంగులు మెరిసిపోవాలి."

గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు. పచ్చి సున్నం వాసన గుప్పుమంటోంది. పసుపు, సున్నం అన్న రెండు మాటలు పక్కపక్కన వినబడగానే చదివేవాళ్ళు ఇప్పటికే చిన్నగా నవ్వుకుని ఉంటారు. కిరణ్మయి నవ్వుకోలేదు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ప్రయాణాలు చేసి వచ్చిన రోజుల్లో ఈ రెండూ కలిపి ఎన్ని పళ్ళేలు తిప్పిందో ఆమెకే తెలియదు. కానీ ఇంట్లో తెలిసిన సంగతి బడిలో గుర్తుకు రావాలని ఎక్కడా లేదు. ఆమె మాథుర్ మేడానికి మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పి, పిల్లలకి కుంచెలు పంచింది.

మొదటి పువ్వు వేసింది దీపు. తెలుగువాళ్ళ పిల్లే, తల్లి సుభాషిణి ఢిల్లీలో కేంద్రప్రభుత్వ ఉద్యోగి. తెలుగులో ఏమడిగినా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది.

"మేమ్! మేరా యెల్లో రెడ్ హో గయా!"

"ఏం కలిపావే అందులో?"

"కుఛ్ నహీఁ మేమ్, కసమ్ సే!" అని దీపు ఒట్టు వేసింది.

ఇంతలో పక్కవాడి పువ్వూ ఎర్రబడింది. ఆ పక్కదీ ఎర్రబడింది. పసుపుపచ్చని ముద్ద గోడకి తగలడం, రక్తం రంగుకి తిరగడం. పిల్లలు కేరింతలు కొడుతూ గోడ మీద పడ్డారు. కిరణ్మయికి అప్పుడు వెలిగింది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, అక్కడే మెట్టు మీద కూర్చుని కాసేపు నవ్వింది. తర్వాత లేచి, టీచరు కనక, దారి మార్చింది.

"సరే పిల్లలూ, ఇవి పొద్దుతిరుగుడు పూలు కావు. మందారాలు. కానివ్వండి!"

పిల్లలు కానిచ్చారు. అత్తగారి మాట ప్రకారం రంగు చిక్కగానే కలిపినా, గోడ ఇంకా తడిగా ఉంది కనక ప్రతి పువ్వు నుంచీ ఒక్కో ధార కిందికి కారింది. దగ్గరికి వెళ్ళి చూస్తే మందారాలే. దూరం నుంచి చూస్తే, ఉన్న మాట చెప్పుకోవాలంటే, పూలు గుర్తుకు రావు.

పీరియడ్ అయిపోయే ముందు దీపు ఒక ప్రశ్న వేసింది. మ్యాజిక్ గోడలో ఉందా, రంగులో ఉందా? ఇంత మంచి ప్రశ్న వేసిన పిల్లని ఊరికే పంపేయడం కిరణ్మయి వల్ల కాదు. తన టిఫిన్ పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపింది. సున్నం మనిషి వదిలేసిన బకెట్లోంచి కాస్త సున్నం చెంచాతో తీసి అందులో వేసింది. పళ్ళెం నిండా ఎరుపు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బెల్లు కొట్టింది. పిల్లలు వెళ్ళిపోయారు. పళ్ళెం మిగిలింది.

కిరణ్మయి పళ్ళెం తీసుకుని వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళింది. వంచబోయి ఆగింది.

ఎర్రనీళ్ళు సింకులో పోయకూడదు. ఎందుకని ఆమెని అడిగితే చెప్పలేదు. వాళ్ళమ్మా చెప్పలేదు, అమ్మమ్మా చెప్పలేదు. ఆ నీళ్ళు గుమ్మం బయటికి వెళ్ళాలి, మనుషులు తొక్కని చోట పోయాలి, అంతే. ఇది దిష్టి తీసిన నీరు కాదనీ, మూడో తరగతి ప్రయోగమనీ ఆమెకి స్పష్టంగా తెలుసు. తెలిసినది బుర్రకి. పళ్ళెం పట్టుకున్నది చెయ్యి. ఆ చెయ్యి ఆమెని వరండా దాటించి, ఆవరణ దాటించి, గేటు బయటికి తీసుకువెళ్ళింది. రోడ్డు మూలకి వెళ్దామంటే అక్కడ ఈ-రిక్షాలు నిలబడి ఉన్నాయి. గేటు పక్కన ఓరగా, ఎవరూ నడవని చోటు చూసి పోసింది. పోసి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వచ్చేసింది. చూడకూడదు కదా. వస్తూ కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. అదీ అలవాటే.

వెనక్కి తిరిగి చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. గేటు ముందు సిమెంటు నేల ఒక పక్కకి వాలుగా ఉంది. ఓరగా పోసిన నీళ్ళు ఓరగా ఉండలేదు. నెమ్మదిగా జారుతూ, గేటుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా ఒక చార గీసి, అప్పుడు ఆగాయి.

ఇదంతా గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న గార్డు సత్‌బీర్ చూశాడు. డ్రాయింగ్ మేడం పళ్ళెంలో ఎర్రటిదేదో తెచ్చింది. గేటు దగ్గర పోసింది. వెనక్కి చూడలేదు. కాళ్ళు కడుక్కుంది. పెదవులు కూడా కదిలినట్టు అతనికి అనిపించింది, కానీ అది అతను తర్వాత కలుపుకున్నది. సత్‌బీర్‌ది బులంద్‌షహర్ దగ్గర పల్లె. నాలుగు దారుల కూడలిలో ఎర్రటిది కనబడితే చుట్టూ తిరిగి వెళ్ళమని వాళ్ళ పల్లెలో ఉగ్గుపాలతోనే నేర్పుతారు. అతను కుర్చీ ఎత్తి లోపలికి వేసుకున్నాడు. ఫోటో తీసి స్కూలు వ్యాన్ల డ్రైవర్లకి పంపాడు. "గేటు దగ్గర ఎవరో ఏదో చేశారు. చూసుకుని రండి."

ఒక డ్రైవరు దాన్ని మూడో తరగతి బి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతవరకు ఆ గ్రూపులో హిందీ హోంవర్కు ఏ పేజీ అన్న చర్చ జరుగుతోంది. అది అక్కడితో ఆగింది. ఒకావిడ రక్తమంది. ఒకాయన పాన్ ఉమ్మి అన్నాడు. అంత పొడుగు ఉమ్మి ఎవరు ఉమ్మగలరని ఇంకొకాయన న్యాయంగానే అడిగాడు. చివరికి ఒకావిడకి ఆలోచన వచ్చింది. "సుభాషిణీజీ, మీరు సౌత్ వాళ్ళు కదా, అక్కడ ఇలాంటివి చేస్తారంటారు. ఇదేమిటో మీకేమైనా తెలుసా?"

దీపు తల్లి సుభాషిణి ఆ సమయానికి ఆఫీసులో మీటింగులో ఉంది. బల్ల కింద ఫోను తెరిచి ఫోటో చూసింది. ఏ తెలుగు మనిషైనా చూడగానే చెప్పగలిగిన సంగతి అది. ఆ గ్రూపులో చేరినప్పటి నుంచి ఆమెని ఇడ్లీ పిండి ఎందుకు పొంగడం లేదని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. ఇన్నాళ్ళకి తన అభిప్రాయానికి విలువ వచ్చింది. ఉత్సాహంగా ఇంగ్లీషులో జవాబు కొట్టింది.

"ఇది దిష్టి తీసిన నీళ్ళు. అంటే నజర్. మా వైపు చాలా మామూలు."

"తీసిన నజర్ ఎక్కడికి పోతుంది?"

"ఆ నీళ్ళలోకి. అందుకే దాటకూడదు, తొక్కకూడదు అంటారు."

గ్రూపులో వరసగా కళ్ళు తేలేసిన బొమ్మలు పడ్డాయి. అందరూ భయపడ్డారని సుభాషిణికి అర్థమై, ధైర్యం చెప్పింది.

"కంగారేమీ లేదండీ. మొదట దాటినవాళ్ళకే తగులుతుందంటారు. తర్వాతవాళ్ళకి ఏమీ కాదు."

కింద ఒక నమస్కారం బొమ్మ పెట్టి, జాయింట్ సెక్రటరీ తనవైపే చూస్తున్నాడని గమనించి, ఫోను సంచీలో పడేసింది.

స్కూలు విడిచే వేళయింది. మామూలు రోజుల్లో ఆ గేటు దగ్గర ఒకరి స్కూటరు ఇంకొకరి కారుని రాసుకుంటూ, హారన్లు మోగిస్తూ, నేను ముందంటే నేను ముందని తోసుకుంటారు. ఆ రోజు అందరూ చారకి అటుపక్క బుద్ధిగా వరసలో నిలబడ్డారు.

"ఆయియే భాభీజీ, మీరు వెళ్ళండి."

"అబ్బే, మీరు ముందొచ్చారు కదా భాయ్‌సాబ్. మీరే వెళ్ళండి."

"లేడీస్ ఫస్ట్ అండీ."

"నాకేం తొందర లేదండీ, మీకు ఆఫీసుంది."

లఖ్‌నవూ మర్యాదంతా ఘాజియాబాద్‌కి వచ్చి ఆ గేటు ముందు నిలబడింది. ఇటుపక్క పిల్లలు సంచులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. మొదట దాటడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు, పిల్లల్ని అసలే దాటనివ్వలేదు.

స్టాఫ్ రూములో కిరణ్మయి కుంచెలు కడుగుతుంటే ఫోను మోగింది. సుభాషిణి. మీటింగు అయిపోయినట్టుంది.

"కిరణ్మయిగారూ, మన స్కూలు గేట్లో ఎవరో దిష్టినీళ్ళు పోశారటండీ. చూసుకుని నడవండి, తొక్కేరు!"

"నేనే పోశానండీ."

"అయ్యో! ఎవరికి తీశారండీ?"

"ఎవరికీ తీయలేదండీ బాబూ. క్లాసులో పిల్లలకి చూపిద్దామని పసుపూ సున్నం కలిపాను, అంతే."

"మరి తీసుకెళ్ళి గేటు దగ్గరెందుకు పోశారూ?"

"సింకులో ఎలా పోస్తానండీ?"

సుభాషిణి ఒక క్షణం ఆలోచించింది. "అదీ నిజమేలెండి" అంది. మళ్ళీ అంది, "అయితే గ్రూపులో చెప్పేస్తాను, వట్టి రంగునీళ్ళని. దాటచ్చని చెప్పమంటారా?"

"చెప్పండి."

"మీరు దాటారా?"

"నేనింకా అటు వెళ్ళలేదండీ."

"సరే, మీరే మొదట దాటి చూపిస్తారని పెట్టేస్తాను. అందరికీ ధైర్యంగా ఉంటుంది" అని సుభాషిణి ఫోను పెట్టేసింది.

కిరణ్మయి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ కబురు ముందే వచ్చి కూర్చుంది. రెండు పక్కల నుంచీ అందరూ ఆమె పాదాల వంకే చూస్తున్నారు. మాథుర్ మేడం గబగబా దగ్గరికి వచ్చింది.

"కిరణ్, చైర్మన్‌గారు బయల్దేరారట. ఇదేమిటి?"

ఆమె అంతా చెప్పింది. సున్నం తనే వేయించింది కనక మాథుర్ మేడానికి కోపం తెచ్చుకునే వీలు లేకపోయింది. ముందు పైపుతో నీళ్ళు కొట్టి కడిగేద్దామనుకున్నారు. పైపు చూడగానే అటుపక్క వాళ్ళంతా గోల పెట్టారు. లోపలి నుంచి కడిగితే ఆ నీళ్ళు తమ కాళ్ళ కిందికే వస్తాయి కదా! పైపు పక్కన పడేశారు.

"అయితే నువ్వు దాటెయ్" అంది మాథుర్ మేడం. "నువ్వే కలిపావు, అందులో ఏముందో నీకు తెలుసు. ఒక్క అడుగు. ఆయన వచ్చేలోపు ఇది తేలకపోతే నీ పీరియడ్ సంగతి ఇంక నా చేతిలో ఉండదు."

కిరణ్మయి ముందుకి నడిచింది. నిజానికి అది పసుపూ సున్నమే. ఎవరి దిష్టీ అందులో లేదు. చెప్పు కొనకి చార ఇంకా జానెడు దూరంలో ఉంది. తను అడుగు వేస్తే పిల్లలు ఇళ్ళకి వెళ్తారు, చైర్మన్ గోడ చూస్తారు, వారానికి ఒక్క పీరియడ్ బతుకుతుంది. ఆమె కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు అక్కడే ఉంది. చిన్నప్పుడు వీధిలో ఇలాంటి నీళ్ళు తొక్కి వచ్చినందుకు పెరట్లో నిలబెట్టి నెత్తిన బిందెడు చన్నీళ్ళు గుమ్మరించిన అమ్మ గుర్తుకొచ్చింది. కాలు నెమ్మదిగా వెనక్కి వచ్చి, మొదట ఉన్న చోటే వాలింది.

"చూశారా!" అన్నారెవరో అటు నుంచి. "కలిపినావిడే దాటలేకపోతోంది!"

అంతకు ముందు సగం మందికి అనుమానం ఉండేది. ఇప్పుడు ఎవరికీ లేదు. కిరణ్మయికి ఎక్కడైనా గొయ్యి కనబడితే అందులో కూర్చోవాలనిపించింది. ఇన్ని పుస్తకాలు చదివి, పిల్లలకి ఇంత చెప్పి, జానెడు రంగునీళ్ళ దగ్గర నిలబడిపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. అయినా కాలు కదల్లేదు.

సరిగ్గా అప్పుడే సింఘల్‌గారి కారు వచ్చి ఆగింది. కారు ముందు బంపరుకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది. డ్రైవరు చారని చూసి ఇంజను ఆపేశాడు. సింఘల్‌గారు దిగారు. ఆయన వేళ్ళకి ఎన్ని ఉంగరాలున్నాయో అన్ని రంగుల రాళ్ళున్నాయి. ఆయన చార చూశారు, తర్వాత గేటు ఊచల్లోంచి లోపలికి చూశారు. ఆవరణ చివర ధారలు కట్టిన ఎర్రటి గోడ.

"ఆ గోడకేమైంది?" అన్నారు గొంతు తగ్గించి.

"అదే సర్, డ్రాయింగ్ ప్రాజెక్టు" అంది మాథుర్ మేడం, అంతకంటే గొంతు తగ్గించి.

ఎవరో ఆయన చెవిలో మొత్తం కథ ఊదారు. టీచరమ్మ పళ్ళెం తెచ్చింది, పోసింది, కాళ్ళు కడిగింది, ఇప్పుడు తనే దాటలేకపోతోంది. సింఘల్‌గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

ఇంతలో మనవడి కోసం వచ్చిన ఒక దాదీ గుంపుని తోసుకుంటూ ముందుకి వచ్చింది. హాపుడ్ వైపు మనిషి, పొడుగ్గా, చేతికర్రతో. అంతసేపూ ఎండలో నిలబడి ఆమెకి విసుగెత్తిపోయింది.

"ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఇక్కడ గుడ్లప్పగించి నిలబడ్డారేమిటి? ఇస్కీ కాట్ నీంబూ హై. నిమ్మకాయ కోసి పిండితే విరిగిపోతుంది" అంది. చేతిసంచిలో అప్పుడే కొన్న కూరగాయల్లోంచి నిమ్మకాయలు తీసింది. పక్కనే ఉన్న కూరగాయల బండివాడి కత్తితో కోసి, చార పొడుగునా నడుస్తూ పిండింది.

రసం పడిన చోటల్లా ఎరుపు విరిగి పసుపుపచ్చ అయింది. గేటుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా, అందరి కళ్ళ ముందే, చార రంగు మార్చుకుంది.

ముందు వరసలో వాళ్ళు వంగి చూశారు. తర్వాత వెనకాల ఎవరో చేతులు జోడించారు. అందరూ జోడించారు. డ్రైవరు కారు బంపరుకి దణ్ణం పెట్టాడు.

"అది ఆసిడ్ సర్!" అంది కిరణ్మయి. "సున్నం బేస్, నిమ్మరసం ఆసిడ్. పసుపు రంగు మారి చూపిస్తుంది. హల్దీ, చూనా, నీంబూ, అంతే! పెద్ద తరగతుల సైన్సు పుస్తకాల్లో ఉంటుంది సర్!"

ఆ స్కూలు ఐదో తరగతి దాకానే. ఆమె హిందీలో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది, చివర్లో కంగారులో తెలుగులో కూడా చెప్పింది. వినేవాళ్ళెవరూ లేరు. దాదీ అందరికంటే ముందు చార దాటి మనవడి చెయ్యి పట్టుకుంది. ఆమె వెనకాల ఊరంతా కదిలింది.

సింఘల్‌గారు లోపలికి వచ్చి గోడ ముందు నిలబడ్డారు. "దీన్ని ఇలాగే వదిలేస్తే ఎలా? దీనికీ తీయండి" అన్నారు.

బండివాడి దగ్గరున్న నిమ్మకాయలన్నీ లోపలికి వచ్చాయి. దీపు అందరికంటే ముందు ఒక చెక్క అందుకుని, ఒక పువ్వు రేకుల మీద రుద్దింది. రేకులు పసుపుపచ్చగా విచ్చుకున్నాయి. అంచులు మాత్రం ఎర్రగా మిగిలాయి. ఇళ్ళకి వెళ్ళాల్సిన పిల్లలంతా సంచులు పడేసి గోడ మీదికి ఎగబడ్డారు. ఎర్రటి గోడలోంచి ఒక్కొక్క పువ్వూ బయటికి వస్తోంది. రంగు పూస్తే బొమ్మ రావడం కిరణ్మయి ఎన్నోసార్లు చూసింది గానీ, నిమ్మచెక్కతో గోడలోంచి పూలు పూయించడం ఎప్పుడూ చూడలేదు. ఆమె చైర్మన్‌ని మర్చిపోయింది, పీరియడ్‌ని మర్చిపోయింది. "అంచులు వదిలెయ్యండి, మధ్యలోనే రుద్దండి" అని చెబుతూ పిల్లల మధ్య తిరిగింది. అంత అందమైన గోడ ఆమె చేతి మీదుగా అంతకు ముందు రాలేదు.

సింఘల్‌గారు చేతులు కట్టుకుని చివరిదాకా చూశారు. తర్వాత కిరణ్మయిని పక్కకి పిలిచి, చాలా మర్యాదగా అడిగారు.

"మేడంజీ, ఎవరి నజర్ తీశారు?"

"స్కూలుది సర్, పిల్లలందరిదీ" అంది మాథుర్ మేడం చటుక్కున.

"కాదు సర్" అంది కిరణ్మయి. "ఎవరిదీ కాదు. నాకు అలాంటివేమీ రావు. ఇది వట్టి పసుపు."

సింఘల్‌గారు తల పంకించారు. ఆ విద్య వచ్చినవాళ్ళు వచ్చని చెప్పుకోరని ఆయన చిన్నప్పటి నుంచీ విన్నారు. ఆయన మాథుర్ మేడం వైపు తిరిగి, "ఈ మేడం పీరియడ్ జోలికి ఎవరూ వెళ్ళద్దు. అవసరమైతే ఇంకొకటి కూడా ఇవ్వండి. ఆవిడ ఏ గోడ అడిగితే ఆ గోడ ఇవ్వండి" అన్నారు. "అబాకస్?" అంది మాథుర్ మేడం. "అబాకస్ వాళ్ళతో నేను మాట్లాడతాను" అని, కిరణ్మయికి ఒకటికి రెండు సార్లు నమస్కారం పెట్టి, కారు ఎక్కారు. కారు ఆ చార మీదుగానే వెనక్కి తిప్పుకుని వెళ్ళింది.

చైర్మన్ ముందు చెప్పాలని కిరణ్మయి చాలా రోజులుగా మాటలు కూర్చుకుంది. బొమ్మలు వేసే పిల్లల కళ్ళు ఎలా నిలకడగా ఉంటాయో, చేతులు ఎలా కుదురుకుంటాయో, తప్పులంటే భయం ఎలా పోతుందో. వాటిలో ఒక్క మాట కూడా అవసరం పడలేదు. సంతోషించాలో సిగ్గుపడాలో ఆమెకి కాసేపు తెలియలేదు. గోడ వైపు ఇంకోసారి చూశాక సంతోషమే గెలిచింది.

పిల్లలు వెళ్ళిపోయారు. వ్యాన్లు, స్కూటర్లు, ఈ-రిక్షాలు అన్నీ వెళ్ళిపోయాయి. మాథుర్ మేడం వెళ్ళిపోయింది. సత్‌బీర్ కూడా సైకిలు నడిపించుకుంటూ ఆ చార మీదుగా టీ తాగడానికి పోయాడు. ఆసిడ్ ఏదో బేస్ ఏదో అందరికీ విడమరిచి చెప్పిన కిరణ్మయి మాత్రం, గేటు ముందు తడి పూర్తిగా ఆరేదాకా అతని కుర్చీలో కూర్చుని, అప్పుడు ఇంటికి బయల్దేరింది.